ఇంట్లో దొంగ అర ఎక్కడ చేసుకోవాలి? ముప్ఫై ఏళ్ల చెక్కపని నుంచి ఒక సమాధానం

మీరు అడిగింది ఇదీ: గుంటూరు లక్ష్మీపురంలో రెండో అంతస్తులో సొంత ఫ్లాట్. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి వెళతారు కాబట్టి పగలంతా ఇంటికి తాళమే. మీ అత్తగారు ఇచ్చిన నగలు సుమారు పదిహేను కాసులు, అవసరానికి ఉంచుకునే కొంత నగదు, ఇంటి దస్తావేజులు ఉన్నాయి. బీరువాలో పెట్టాలంటే భయం, బ్యాంకు లాకరు మీదా సందేహమే. పుస్తకం లోపల తొలిచిన అర, ఉత్తుత్తి స్విచ్‌బోర్డు, పూలకుండీ అడుగున డబ్బా, ఇలాంటివి వీడియోల్లో చూశారు. పడక గదిలో గోడకు బిగించిన వార్డ్‌రోబ్ ఉంది. వీటిలో దేన్ని నమ్మవచ్చు, సొంతంగా ఏమి చేసుకోవచ్చు?

ముందు సమాధానం చెప్పేస్తాను. రోజూ వేసుకోని నగలు, అసలు దస్తావేజులు బ్యాంకు లాకరుకు పంపండి. ఇంట్లో ఉండక తప్పని వాటికి ఒకే ఒక్క అర చేసుకోండి. అది గోడకు బిగించిన చెక్కపనిలో ఉండాలి. దాని సంగతి ఇంట్లో సరిగ్గా ఇద్దరికి తెలియాలి. మీ ఇంటికి నా ఎంపిక వార్డ్‌రోబ్ సొరుగు వెనుక ఖాళీ. వీడియోల్లో చూసిన మూడూ వదిలేయండి.

నేను విజయవాడలో ఉంటాను. మొగల్రాజపురం, పటమట, భవానీపురం మొదలుకొని కృష్ణ అవతల మంగళగిరి, గుంటూరు దాకా ఇళ్లకు చెక్కపని చేస్తాను. పని మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. ఆయన భోషాణం చేస్తే లోపల దొంగ అర ఉండాల్సిందే. పెట్టె మూత ఎత్తగానే ఒక పక్కన చిల్లర సామాను పెట్టుకునే చిన్న అర కనిపిస్తుంది. దాని అడుగు పలకను ఒక మూల నొక్కితే రెండో మూల లేస్తుంది. కింద ఇంకో అర. పైఅర ఎప్పుడూ వక్కలు, తాళంచెవులు, పాత ఉత్తరాలతో నిండి ఉండేది కాబట్టి దాని లోతు, పెట్టె లోతు ఒకటి కాదన్న సంగతి ఎవరికీ తట్టేది కాదు. ఇప్పుడు టేకుకు బదులు ప్లైవుడ్ వచ్చింది గాని నేను పాటించేది నేటికీ ఆ రెండు మాటలే: లోతులో తేడా కంటికి ఆనకూడదు, అర ముందు నిత్యం వాడే సామాను ఉండాలి.

దొంగలు పడిన ఇళ్లలో విరిగిన తలుపు బాగుచేయడానికి నన్ను పిలుస్తారు. అలా మరునాడే వెళ్లి చూసిన ఇళ్లు చాలా ఉన్నాయి. తాళం పగలగొట్టి వచ్చినవాడికి తీరిక ఉండదు, అందువల్ల వరుస దాదాపు ఒకటే. మొదట బీరువా, దాని మీది సూట్‌కేసు, తర్వాత పరుపు, అద్దం బల్ల సొరుగులు, వెండి కోసం దేవుడి గది. ఇంకా సమయం ఉంటే వంటగది. బియ్యం డబ్బా బోర్లించి ఉంటుంది, పప్పుల డబ్బాల మూతలు నేల మీద ఉంటాయి. పోపుల డబ్బాలో డబ్బు దాచడం మన అమ్మమ్మల నాటి అలవాటు, అది దొంగల ఇళ్లలోనూ అమ్మమ్మల నాటి అలవాటే. బీరువా తాళంచెవిని బీరువా మీదో, ఫ్రిజ్ మీది గుడ్డ కిందో పెట్టే ఇళ్లలో బీరువాకు గీత కూడా పడదు. గుమ్మం దగ్గర బూటులో, తులసికోట వెనుక, కరెంటు మీటరు పెట్టెలో ఇంటి తాళంచెవి పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. అది మానకుండా ఎన్ని అరలు చేయించుకున్నా వృథా.

అయితే మీకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది దొంగ గురించి కాదు. దాచిన వస్తువులు దొంగ చేతికి చిక్కడం కన్నా ఇంటివాళ్ల చేతుల్లోనే పోవడం నేను ఎక్కువగా చూశాను. దొంగ ఆ ఇంట్లో ఉండేది కొద్దిసేపు. అర మాత్రం ఏళ్ల తరబడి నీళ్లను, చెదలను, ఇల్లు సర్దేవాళ్లను, ఇంటి పెద్దల మతిమరుపును తట్టుకోవాలి. వీడియోలు చేసేవారు దొంగ సంగతి ఒక్కటే చూస్తారు.

పాత బట్టల్లో దాచడం తీసుకోండి. కృష్ణలంకలో ఒకావిడ కట్టని పట్టుచీర మడతలో రెండు జతల గాజులు పెట్టుకున్నారు. ఊరినుంచి వచ్చిన చెల్లెలు అక్కకు సాయంగా అటక సర్ది, పాత చీరలన్నీ స్టీలు సామాన్లవాడికి వేసి రెండు గిన్నెలు తీసుకుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ అక్కచెల్లెళ్లు ఆ రోజు నుంచి సరిగా మాట్లాడుకోవడం లేదు, నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. పుస్తకంలో అర వద్దన్నది కూడా ఇందుకే. వేసవి సెలవులు రాగానే పాత పుస్తకాలు తూకానికి వెళ్లే ఇళ్లు మనవి.

సంక్రాంతి ముందు ఇంకో ప్రమాదం ఉంది. భోగి మంటకు ఇంట్లోని విరిగిన చెక్క సామానంతా బయటికి వస్తుంది. గుంటూరు కొత్తపేటలో ఒక ఇంట్లో తాతగారి రాతబల్ల అలాగే మంటకు సిద్ధమైంది. ముందురోజు నేను వేరే పని మీద వెళ్లి, ఆ బల్ల సొరుగు బయటి లోతు ఆరు అంగుళాలు, లోపలి లోతు నాలుగు అంగుళాలు ఉండడం గమనించి ఆపాను. అడుగు పలక తీస్తే మంగళసూత్రపు బిళ్లలు, ఒక ఉంగరం, పాత అయిదు వందల నోట్లు ఉన్నాయి. 2016 నవంబరులో రద్దయిన నోట్లు అవి, అప్పటికే చెల్లవు. తాతగారు పోయి చాలా ఏళ్లయింది, ఆయన ఎవరికీ చెప్పలేదు. అందుకే కదిలే సామానులో, పారేయడానికి వీలైన సామానులో దొంగ అర చేయించుకోవడానికి నేను ఒప్పుకోను. గోడకు బిగించిన దాన్ని విప్పాలంటే వడ్రంగి రావాలి, వస్తే చూస్తాడు.

చూస్తాడు అని ఊరికే అనడం లేదు. సత్యనారాయణపురంలో ఒక పాత ఇంట్లో వానాకాలం తలుపు ఉబ్బి గుమ్మానికి పట్టేస్తోందని పిలిచారు. తలుపు ఊడదీసి పై అంచుకు చిత్రిక పడుతుంటే చెక్క మధ్యలో బెండు బిరడా ఒకటి తేలింది. లాగితే లోపల వేలెడు లావు అల్యూమినియం గొట్టం, అందులో గుడ్డలో చుట్టిన ఏడు బంగారు కాసులు. ఆ ఇంటి పెద్దావిడ ఆ గుడ్డను చూసి అది తన జాకెట్టు ముక్కే అని గుర్తుపట్టారు. ఆవిడ భర్త పోయి రెండేళ్లు. తలుపు అంచు నిజానికి తెలివైన చోటు, నిచ్చెన వేసుకుంటే తప్ప కనిపించదు. కాని తలుపు పట్టకపోయి ఉంటే, ఇల్లు అమ్మి ఉంటే, ఆ ఏడు కాసులు తలుపుతోపాటే వెళ్లిపోయేవి.

ఇక నీరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడ నేను వంటగది పని చేసిన ఇల్లు ఒకటి ఉంది. కింది అరల పాదాల దగ్గర నేలకూ అరకూ మధ్య నాలుగు అంగుళాల ఖాళీ ఉంటుంది, దానికి ముందు ఒక పట్టీ బిగిస్తాం. ఆ పట్టీ వెనుక వాళ్లకు నేనే ఒక అర చేసిచ్చాను. నీళ్లు తీశాక వెళ్లాను. పట్టీ ఉబ్బి రాలేదు, ఉలితో పగలగొట్టాల్సి వచ్చింది. బంగారం బురదలో ఉన్నా చెక్కుచెదరలేదు, కడిగితే చాలు. నోట్ల కట్ట మాత్రం ఇటుకలా అతుక్కుపోయింది. దస్తావేజు సిరా పేజీ నుంచి పేజీకి దిగిపోయింది. ఆ రోజు నుంచి కింది అంతస్తు ఇళ్లలో నడుము ఎత్తుకు తక్కువగా నేను అర పెట్టడం లేదు. మీది రెండో అంతస్తు కాబట్టి మీకు వరద భయం లేదు. సింకు కింద, స్నానాల గది గోడకు ఆనుకొని మాత్రం వద్దు.

చెదల సంగతి గుంటూరువారికి వేరే చెప్పక్కరలేదు. 2021లో కృష్ణా జిల్లా మైలవరంలో ట్రంకు పెట్టెలో దాచిన సుమారు అయిదు లక్షల రూపాయల నోట్లను చెదలు తినేసిన వార్త మీరూ చదివే ఉంటారు. ఇనుప పెట్టె కదా అనుకుంటాం, మూత సందు చాలు వాటికి. బంగారాన్ని చెదలు ఏమీ చేయలేవు, మంట కూడా కరిగించడం కష్టం, మేలిమి బంగారం కరగాలంటే 1064 డిగ్రీల వేడి కావాలి. కాగితానికి రెండూ గండమే. చిరిగిన, పాడైన నోట్లకు రిజర్వు బ్యాంకు నియమం ఉంది: 50 రూపాయలు, అంతకు పైబడిన నోటు 80 శాతం కన్నా ఎక్కువ ఒకే ముక్కగా మిగిలితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం దాకా మిగిలితే సగం, అంతకు తక్కువైతే ఏమీ రాదు. కాబట్టి ఇంట్లో నగదు రెండు మూడు వారాల ఖర్చుకు మించి దాచకండి.

ఇప్పుడు మీ అర. ఇది ఒక పూట పని, చెక్కపని మీద కొంచెం చేయి తిరిగినవారు సొంతంగా చేసుకోవచ్చు.

వార్డ్‌రోబ్ లోతు సాధారణంగా 24 అంగుళాలు. సొరుగు జారే ఇనుప పట్టాలను చానళ్లు అంటాం, అవి 18 లేదా 20 అంగుళాలవి వేస్తారు. అంటే సొరుగు మూసి ఉన్నప్పుడు దాని వెనుక మూడు అంగుళాలకు తగ్గకుండా ఖాళీ ఎప్పుడూ ఉంటుంది. అక్కడ ఖాళీ ఉందన్న సంగతి ఇంట్లోవారికే తెలియదు. సొరుగును చివరిదాకా లాగి చానల్ పక్కన చూడండి, చిన్న నల్ల ప్లాస్టిక్ మీట కనిపిస్తుంది. ఒక పక్క మీటను పైకి, రెండో పక్క మీటను కిందికి నొక్కి పట్టుకుని లాగితే సొరుగు చేతికి వస్తుంది. టార్చి వేసి వెనుక పలక దాకా కొలవండి.

కొన్నిచోట్ల దొంగ కోపంతో సొరుగును పీకి పారేస్తాడు. అప్పుడు వెనుక డబ్బా కనిపిస్తే మన శ్రమంతా పోతుంది. అందుకే డబ్బా పెట్టవద్దు, వెనుక పలకకు ముందు ఇంకో పలక నిలబెట్టండి. రెండు పక్కలా రెండున్నర అంగుళాల వెడల్పు నిలువు పట్టీలు బిగించి, వాటి మీద లోపలి లామినేట్ రంగుకు సరిపోయే సన్నటి ప్లైవుడ్ పలకను మాగ్నెట్ క్యాచ్‌లతో ఆనించండి. మడతబందులు వద్దు, అవి కనిపిస్తాయి. పై అంచున రెండు మిల్లీమీటర్ల సందు వదిలితే స్టీలు స్కేలు దూర్చి లాగినప్పుడు పలక ఊడి వస్తుంది. పలక సైజు అడ్డంగా గాని నిలువుగా గాని మధ్యలో ఆగకూడదు. పై అర అడుగు నుంచి కింది అర దాకా నిండుగా ఉండాలి, అప్పుడే అది అసలు వెనుక పలకలా ఉంటుంది. కొత్త లామినేట్ తెల్లగా, పాతది పసుపుగా ఉంటే తేడా తెలిసిపోతుంది. అదే వార్డ్‌రోబ్‌లో పైన ఎక్కడో కనిపించని అర పలకను విప్పి దీనికి వాడి, కొత్తది అక్కడ వేయండి. నేను అలాగే చేస్తాను.

నగలను మెత్తని నూలు గుడ్డ సంచుల్లో చుట్టి పల్చటి పెట్టెలో పెట్టండి, కదిపితే గలగలమనకూడదు. వెండి వస్తువులకు రబ్బరు బ్యాండ్లు వేయకండి, రబ్బరులోని గంధకానికి వెండి నల్లబడుతుంది. ఆ సొరుగులో తువ్వాళ్లు, పాత దిండుగలేబులు ఉంచండి. నగల దుకాణం పేరున్న ఎర్ర పెట్టెలు ఆ వార్డ్‌రోబ్ దరిదాపుల్లో ఉండకూడదు. ఆ వార్డ్‌రోబ్ గోడకు అవతల స్నానాల గది ఉంటే మాత్రం ఈ పని మొదలుపెట్టకండి, వేరే గోడ చూడాలి. తేమకు ప్లైవుడ్ ఉబ్బి పలక బిగుసుకుపోతుంది.

వంటగది పాదాల పట్టీ గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు మాటలు. పై అంతస్తుల్లో బాగానే పనిచేస్తుంది. పట్టీని రెండు అరల మధ్య నిలువు గీత పడే చోటే కోయాలి, వేరేచోట కోస్తే అతుకు కనిపిస్తుంది. ఎండీఎఫ్ (చెక్కపొట్టును అదిమి చేసిన పలక) వద్దు, తడిగుడ్డతో నేల తుడిచే ఇల్లు మనది, పీవీసీ బోర్డు వాడాలి. పట్టీ తీసిన ప్రతిసారీ నేల మీద గీత పడుతుంది, నెలకు రెండుసార్లు తీసినా ఏడాదికి అది వంపు గీతలా తేలుతుంది. నేను మొదట్లో చేసినవాటిలో ఈ గీత చూసి, తర్వాత పట్టీ అడుగున సన్నటి ఫెల్ట్ అంటించడం మొదలుపెట్టాను.

ఉత్తుత్తి స్విచ్‌బోర్డు మాత్రం ఎవరు చెప్పినా వద్దు. గోడలో వైరు గొట్టం ఎటు పోయిందో తెలియకుండా తొలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఆ ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ కరెంటు లేని బోర్డును చూడగానే విప్పి చూస్తాడు. ఏసీ, గీజరు, ఫ్లష్ ట్యాంకు కూడా ఇంతే, వాటిని బాగుచేయడానికి మనుషులు వస్తూనే ఉంటారు. పూలకుండీకి రోజూ నీళ్లు పోస్తాం, అందులో ఏ డబ్బా పెట్టినా నెమ్ము చేరుతుంది. గోడలో గూడు తొలిపించాలనుకునేవారు తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో తప్ప ఆ ఆలోచన చేయకండి. నాలుగున్నర అంగుళాల గోడలో లోతు ఉండదు, స్తంభాన్ని, దూలాన్ని ఉలితో ముట్టుకోకూడదు. చిన్న ఇనుప సేఫ్ కొనేవారు దాన్ని లోపలి రంధ్రాల గుండా కాంక్రీటుకు బోల్టులతో బిగించండి. బిగించని సేఫ్‌ను సంచిలో వేసుకుని వెళ్లిపోవచ్చు, దొంగకు అన్నీ ఒకేచోట కట్టి ఇచ్చినట్టవుతుంది.

బీరువాను ఖాళీగా ఉంచకండి. గిల్టు నగలు కొన్ని, అయిదారు వందల రూపాయలు ఒక పర్సులో పెట్టి లాకరు అరలో ఉంచండి. ఏమీ దొరకనివాడు ఇల్లంతా గాలిస్తాడు, ఏదో ఒకటి దొరికినవాడు త్వరగా బయటపడాలని చూస్తాడు.

బ్యాంకు లాకరు మీద మీకున్న సందేహానికి నాకు తెలిసింది ఇది. 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, బ్యాంకు సిబ్బంది మోసం వల్ల లాకరులోవి పోతే బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకు 100 రెట్ల వరకు ఉంటుంది. అద్దె మూడు వేలు అయితే మూడు లక్షలు. వరద, భూకంపం వంటి వాటికి ఆ బాధ్యత లేదు. పదిహేను కాసుల ఈనాటి విలువకు మూడు లక్షలు చాలవు, నిజమే. అయినా పగలంతా మనిషి లేని ఇంటికన్నా ఆ గదే నయమని నా అభిప్రాయం.

ఇక ఎవరికి చెప్పాలి. మీరు, మీవారు. ఇద్దరిలో ఎవరికైనా ఏమైనా జరిగితే తెలియడానికి, వేరే ఊళ్లో ఉన్న మీ అన్నగారో అక్కగారో ఎవరైనా ఒకరి దగ్గర అంటించిన కవరులో రాసి ఉంచండి. బడికి వెళ్లే పిల్లలకు చెప్పవద్దు, వాళ్లు స్నేహితులకు గొప్పగా చెబుతారు, అది వాళ్ల తప్పు కాదు. ఇంట్లో పెద్దవారుంటే వారికి సొంతంగా దాచుకునే అలవాటు ఉంటుంది. దాన్ని ఎగతాళి చేయకుండా, ఎక్కడ పెట్టారో మీకొక్కరికైనా చెప్పమని నెమ్మదిగా అడగండి.

వడ్రంగికి తెలిసిపోదా అని మీరు అడగలేదు గాని చాలామంది మనసులో ఉండే ప్రశ్న అది. తెలుస్తుంది. అందుకే నా దగ్గర పని చేయించుకునేవారికి ఒకే ఇంట్లో మూడు నాలుగు చోట్ల పట్టీలు బిగించి ఇస్తాను, మాగ్నెట్లు, పలక చేతికి ఇచ్చి వచ్చేస్తాను. వాళ్లు ఏ చోటు ఎంచుకున్నారో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. మీరు వేరే పనివాడితో చేయించినా ఇలాగే అడగండి. మంచి పనివాడు నొచ్చుకోడు.

నగలన్నీ తూకంతో సహా ఫొటోలు తీసి, బిల్లులతోపాటు అర ఉన్న ఇంట్లో కాకుండా వేరేచోట ఉంచండి. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న నగల మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ అనే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది, అది కూడా రాసుకోండి. పోలీసు ఫిర్యాదుకు ఇవన్నీ అక్కరకు వస్తాయి. పండక్కి ఊరు వెళ్లేటప్పుడు తాళం వేసిన ఇళ్లమీద నిఘా కోసం మన పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ సంగతి మీ స్టేషన్‌లో అడగండి, ఇంట్లో కెమెరా పెట్టి చూసే ఏర్పాటు అది, డబ్బు తీసుకోరు. ఊరు వెళుతున్న ఫొటోలు మాత్రం తిరిగి వచ్చాకే పెట్టండి.

అర పూర్తయ్యాక ఒక రోజు మీవారిని బయటికి పంపి మీరు బిగించండి, ఆయన వచ్చి పది నిమిషాలు వెతకాలి. ఆయన కన్ను ఎక్కడ ఆగిందో అక్కడ లోపం ఉంది. తర్వాత ప్రతి ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఇద్దరూ కలిసి ఒకసారి తెరిచి, చెదలు, తేమ చూసి మూయండి.

మీ సొరుగు చానల్ పొడవు, వెనుక ఖాళీ ఎన్ని అంగుళాలు, ఆ గోడకు అవతల ఏ గది ఉందో కొలిచి రాయండి. పలక, పట్టీల కొలతలు నేను వేసి ఇస్తాను.